టెలిస్కోపుకో గూడు

మార్చి 4

అమ్మడూ,

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు వేరే చెప్పక్కర్లేదు. కిందటిసారి నువ్వు ఫోనులో, నాటకం కోసం స్తంభం తయారుచేస్తున్నానని చెప్పావు. నాకు సంబంధం అని వినపడింది. ఇన్నేళ్ళు లిఫ్టు మోటార్ల పక్కన నిలబడి అరిగిపోయిన చెవి. దాన్ని నమ్ముకుని వెంటనే మీ అమ్మకి చెప్పేశాను, పిల్లకి సంబంధం కుదిరింది, మనిషి పొడుగట, తెల్లగా ఉంటాడట, కాకపోతే లోపల డొల్ల అంటోంది అని. తర్వాత మా అక్క నిన్నేమందో, నన్నేమందో మనిద్దరికీ తెలుసు. అందుకని ఇకమీదట అంతా కాగితం మీదే. కాగితం మీద స్తంభం స్తంభంలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు నాకూ ఒక స్తంభం కావాలి. మా ఆఫీసు బిల్డింగులో కింద కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. దాని యజమాని దుకాణం ఎత్తేస్తూ, కిటికీలో అలంకారానికి పెట్టుకున్న టెలిస్కోపు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బరువులు పైకి చేర్చేది నువ్వే కదా, దీన్ని కూడా ఎక్కడికో అక్కడికి చేర్చు అన్నాడు. గొట్టం భేషుగ్గా ఉంది. స్టాండుకే మూడు కాళ్ళలో ఒకటి లేదు. మేడమీద పిట్టగోడకి ఆనించి ఒకసారి చందమామని చూశాను. చలిజ్వరం వచ్చినవాడిలా గడగడా వణుకుతున్నాడు. అయినా అమ్మడూ, జీవితమంతా లిఫ్టు గుంటల్లో నిలబడి తలెత్తితే నాకు కనపడేది చీకటీ, గ్రీజు పట్టిన తాళ్ళూ. మొదటిసారి పైన ఇంకేదో ఉందనిపించింది.

పెరట్లో కదలని స్తంభం ఒకటి, వాన తగలకుండా దానిమీద ఒక ఇల్లు కట్టాలి. చిక్కల్లా మీ అత్తయ్యతోనే. తిరగని ఫ్యాన్లూ, తూగని త్రాసూ, ఉతకని వాషింగ్ మెషీన్లూ ఇల్లంతా నింపేశానట. ఇంకొక్క యంత్రం గడప దాటి వస్తే దాన్నీ నన్నూ కలిపి పాతసామాను వాడికి ఇచ్చేస్తానని కిందటేడు తీర్పు చెప్పింది. అందుకే టెలిస్కోపుని ఆఫీసు మేడమీద లిఫ్టు మిషను గదిలో గోనెపట్టా కప్పి దాచాను. నువ్వు కోటలూ బురుజులూ కట్టేదానివి కదా, ఉపాయం రాయి.

నీ మామయ్య


మార్చి 13

మామయ్యా,

నేను కట్టిన కోటని రెండో అంకం అవగానే ఇద్దరు మనుషులు చెరో చంకలో పెట్టుకుని పక్కకి తీసుకుపోతారు. నేను కట్టినవాటిలో ఇంతవరకు వాన చూసింది ఒక్కటీ లేదు. ఈ సంగతి ముందే చెప్పడం నా ధర్మం.

అదృష్టం బాగుండి మా నాటకాల కంపెనీలో లైట్లు వేసే ఆయనకి నీ పిచ్చే ఉంది. అడిగింది ఒక ప్రశ్న, భోజనం చల్లారేదాకా చెప్పాడు. మోకాలి లోతు గొయ్యి తవ్వి, లావుపాటి ఇనుప గొట్టం నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోయాలి. గొట్టం లోపల పొడి ఇసుక నింపితే వణుకు తగ్గుతుందట. పైన మందపాటి ఇనుప పలక, దాన్ని మట్టం చూసుకోవడానికి మూడు బోల్టులు. ముఖ్యమైన మాట ఏమిటంటే, నువ్వు నిలబడే నేల గచ్చు ఆ స్తంభానికి ఎక్కడా తగలకూడదు. చుట్టూ వేలెడు సందు వదలాలి. లేకపోతే నీ అడుగులన్నీ చందమామకి తెలిసిపోతాయి.

ఇంటికి చెక్క గోడలు చాలు. అడుగున చెమ్మ పట్టకుండా గోడల్ని ఇటుకల మీద లేపి కట్టు. గాలి ఆడటానికి కిటికీలు పెట్టి సన్నటి ఇనుప వల బిగించు. చలికాలంలో లోపల ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉంటే అద్దాలకి ఆవిరి పట్టదు. పైకప్పు వాలుగా పెట్టి, పక్కకి జరిగేలా చక్రాల మీద అమర్చుకో. పట్టాలూ చక్రాలూ నీకు కొత్త కాదు కదా.

ఇక్కడ మా దర్శకుడు కొత్త నాటకంలో వేదిక మీద నిజంగా వాన కురవాలంటున్నాడు. రెండు వారాలుగా నేను కూడా నీళ్ళు ఎక్కడినుంచి కారకూడదో అని తిరుగుతున్నాను. నీది నయం, నీ వాన చెప్పి వస్తుంది.

అత్తయ్యకి దాచకుండా చెప్పు. ఎప్పుడైనా తెలియక మానదు.

మేనకోడలు


మార్చి 29

అమ్మడూ,

శుభవార్త. అత్తయ్య ఒప్పేసుకుంది.

టెలిస్కోపు అనే మాట ఎత్తడానికి ధైర్యం చాలలేదు. అందుకని మెల్లగా మొదలుపెట్టి, పెరట్లో ఒక గూడు కడదామనుకుంటున్నాను అన్నాను. ఆవిడ కుట్టుపనికి తెచ్చుకున్న బడి యూనిఫారాల బట్ట కత్తిరిస్తూ ఉంది. కత్తెర ఆపి, నిజంగానా అంది. నిజమే, వల కిటికీలు పెడతాను, వెచ్చగా బల్బు పెడతాను, కప్పు జరుపుకోవచ్చు, అన్నీ ఆలోచించాను అన్నాను. మీ అత్తయ్య కళ్ళు చెమర్చాయి. నా మనసులో ఉన్నది ఇన్నాళ్ళకి మీకెలా తెలిసింది అంది. ఆవిడ మనసులో కూడా ఇదే ఉందని నాకేం తెలుసు? ఇన్నేళ్ళు కాపురం చేసి మనిషిని అర్థం చేసుకోలేకపోయాను.

ఎన్ని పెడతారు అని అడిగింది. ఒకటే అన్నాను. ఒక్కదానికి ఇంత గూడెందుకు, తోడు లేకపోతే దిగులు పెట్టుకుంటుంది, కనీసం ఆరుండాలి అంది. చూశావా, నేనే పిచ్చివాడిననుకుంటే ఆవిడకి ఆరు కావాలి. ఆరైతే ఇరుగుపొరుగుకి కూడా పంచవచ్చట. పొద్దున్నే లేచి చూసుకోవచ్చు అని కూడా అంది. పొద్దున ఏం కనపడుతుంది, చీకటి పడ్డాకే అసలు పని అన్నాను. చీకటి పడితే తలుపు వేసేయాలి, లేకపోతే పిల్లి దూరుతుంది అంది. ఆ మాటా నిజమే. ఖరీదైన అద్దాలు.

గొయ్యి తవ్వాను, గొట్టం నిలబెట్టాను, ఇసుక పోశాను. మా బిల్డింగులో తీసేసిన పాత లిఫ్టు పట్టాలు కప్పుకి వాడుకున్నాను. చిటికెన వేలితో తోస్తే కప్పు వెళ్ళిపోతుంది. గోడలకి ఆవిడే ఆకుపచ్చ రంగు వేసింది. స్తంభం చూసి, మధ్యలో ఇదెందుకు అంది. అన్నిటికీ ఆధారం అదే అన్నాను. తల ఊపింది.

నీ మామయ్య


ఏప్రిల్ 7

మామయ్యా,

ఈ ఉత్తరం చేరగానే చెప్పులు కూడా తొడుక్కోకుండా అత్తయ్య దగ్గరికి పరుగెత్తు.

నీ ఉత్తరం మా లైట్ల ఆయనకి చదివి వినిపించాను. ఆరు టెలిస్కోపులు అడిగే భార్య ఉంటుందా, ఆవిడ కాళ్ళకి దండం పెట్టి రావాలి అన్నాడు. నేనూ అలాగే ఆశ్చర్యపోయాను. తర్వాత నా నాటకం స్తంభానికి రంగు వేస్తుంటే ఒక్కొక్కటే తట్టింది. ఆరుండాలి. తోడు కావాలి. పొద్దున్నే చూసుకోవచ్చు. ఇరుగుపొరుగుకి పంచవచ్చు. పిల్లి దూరుతుంది.

మామయ్యా, అవి కోళ్ళు. నువ్వు గూడు అన్నావు. గూడు అంటే లోకంలో ఎవరికైనా కోళ్ళ గూడే. పెళ్ళయిన కొత్తలో కోళ్ళు పెంచుదామని అత్తయ్య అడిగితే నువ్వు గోల భరించలేనన్నావని అమ్మ ఎన్నిసార్లో చెప్పింది. ఆవిడ కొనేలోపల చెప్పేయి.

మేనకోడలు


ఏప్రిల్ 8

అమ్మడూ,

ఇంట్లో ఆరు కోళ్ళున్నాయి.

నిన్న పని నుంచి వచ్చేసరికి మీ అత్తయ్య గూడు ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. లోపల ఒకటి గచ్చు మీద, రెండు కిటికీ దగ్గర, మిగిలినవి స్తంభం చుట్టూ. ఎర్రటిది ఒకటి ఏకంగా స్తంభం మీద, ఇనుప పలక నడిమధ్యన, బోల్టుల నడుమ ఒద్దికగా కూర్చుంది. దానికోసమే కొలత తీసి చేసినట్టుంది. ఆధారం అన్నారు కదా, అది ఎక్కేసింది చూడండి అంది ఆవిడ. ఆ ముఖంలో వెలుగు చూసి, చెప్పాల్సింది వాయిదా వేశాను.

గచ్చుకీ స్తంభానికీ మధ్య వేలెడు సందు వదలమన్నావు. వాటికి ఆ సందు ఎంత నచ్చిందంటే, అందులోని మట్టిని పొద్దుటినుంచి కాళ్ళతో గోకి గోకి ఒళ్ళంతా చల్లుకుంటున్నాయి. మీ లైట్ల ఆయనకి ధన్యవాదాలు చెప్పు.

ఇప్పుడేం చేయను?

నీ మామయ్య


ఏప్రిల్ 19

మామయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి చూసుకుని నవ్వుకుని ఉంటాయి.

చెప్పేయడం తప్ప దారి లేదు. ఆవిడ ఆకలి మీద ఉన్నప్పుడు చెప్పకు, కత్తెర చేతిలో ఉన్నప్పుడు అసలే చెప్పకు. "నేను కట్టింది వాటికోసం కాదు" అని ఒక్క ముక్కతో మొదలుపెట్టు. మిగతాది దానంతటదే వస్తుంది.

ఇక్కడ మొన్న వాన రిహార్సలు జరిగింది. నీళ్ళన్నీ వేదిక మీద తప్ప అన్నిచోట్లా కురిశాయి. రాజుగారి పాత్రధారి గొడుగు వేసుకుని సింహాసనం ఎక్కాడు. దర్శకుడు నాతో మాట్లాడటం మానేశాడు. మనిద్దరికీ ఈ ఏడు జలగండం ఉన్నట్టుంది.

మేనకోడలు


మే 3

అమ్మడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. భోజనమయ్యాక, కత్తెర పెట్టెలో పెట్టాక, ఆవిడ పక్కన కూర్చుని "ఆ గూడు నేను కట్టింది వాటికోసం కాదు" అన్నాను. మీ అత్తయ్య నా చేతి మీద చెయ్యి వేసి, "తెలుసండీ, నా కోసం" అంది. ఇక ఆ పైన ఏ ముక్క మాట్లాడమంటావు? మాటలకి లిఫ్టులాగా మధ్యలో ఆపే మీట ఉండదు.

ఆ రోజునుంచి తెల్లవారగానే లేచి గింజలు వేస్తున్నాను. ఎర్రది నన్ను చూస్తే వదలదు. వంగితే చాలు వీపు ఎక్కుతుంది.

దీనికి తోడు ఇప్పుడు ఖాళీ చేయమన్నారు. వానలు మొదలయ్యేలోపల తీసుకుపోవాల్సిందే, ఇక ఒక్క రోజు కూడా ఆగేది లేదన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. గత్యంతరం లేక సోమవారం నుంచి మకాం గూట్లోకి మార్చేస్తున్నాను. కోళ్ళే కాస్త సర్దుకోవాలి. మీ అమ్మకి చెప్పకు, కంగారుపడుతుంది.

నీ మామయ్య


మే 12

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తయ్యకి నిజం తెలిసిపోయిందన్నమాట. తెలిస్తే మాత్రం కట్టుకున్నవాణ్ణి ఇల్లు ఖాళీ చేయమంటుందా? పోయి కోళ్ళ గూట్లో పడుకోమంటుందా? నీ వయసేమిటి, నీ నడుమేమిటి? ఆ గచ్చు మీద దుప్పటైనా వేసుకుంటున్నావా?

చెప్పకు అన్నావు కాని నా వల్ల కాలేదు. అమ్మకి ఫోను చేశాను. నేనే వెళ్ళి తేలుస్తాను అని సంచీ సర్దుకుంది. దారిలో మాట్లాడాల్సినవి బట్టీ పడుతోందట. ఈ ఉత్తరం కంటే ముందే వచ్చేస్తుందేమో.

కప్పు మాత్రం మూసుకుని పడుకో.

మేనకోడలు


మే 25

అమ్మడూ,

ఖాళీ చేయమన్నది మా ఆఫీసు బిల్డింగు సూపర్‌వైజరు. ఖాళీ చేయాల్సింది మిషను గదిలోని టెలిస్కోపు. మకాం మారింది కూడా అదే. ఎవరన్నారో, ఎవరు మారుతున్నారో రాయకపోవడం నా బుద్ధితక్కువ. కాగితం మీద కూడా మనకి వినపడదని తేలిపోయింది.

అనుకున్న సోమవారం కుదరక, ఆ తర్వాతి వారం అత్తయ్య పనిలో ఉండగా గొట్టాన్ని దుప్పట్లో చుట్టి గూట్లోకి చేర్చాను. బిగించి చూద్దామని వంగి కన్ను ఆనించాను. ఎర్రది అలవాటు ప్రకారం నా వీపెక్కింది. అదే సమయానికి మీ అమ్మ గేటు తోసుకుని వచ్చింది. వల కిటికీలోంచి నన్ను చూసి, ఎన్నాళ్ళ నుంచిరా ఇలా ఉంటున్నావు అని భోరుమంది. లేవబోతే కప్పు తగిలి నెత్తి బొప్పి కట్టింది. అది చూసి, కొట్టింది కూడానా అని ఇంకా ఏడ్చింది. ఇంతలో కుట్టుమిషన్లకి కరెంటు పోయిందని అత్తయ్య పని నుంచి ముందే వచ్చేసింది.

మీ అమ్మ దారంతా బట్టీ పట్టినదంతా అప్పజెప్పింది. అంతా అయ్యాక అత్తయ్య, నేనెక్కడికీ పొమ్మనలేదు వదినా, అసలు ఈయన గూట్లో ఏం చేస్తున్నారు అంది. అప్పుడు గొట్టం చూసింది.

"అదేమిటి?"

"టెలిస్కోపు."

"ఇక్కడెందుకుంది?"

"ఇది దాని ఇల్లే. మొదటినుంచీ."

కాళ్ళ దగ్గర కోళ్ళు తిరుగుతున్నాయి. మరి ఇవి అని అత్తయ్య వాటివైపు చూపించింది. అవి నువ్వు తెచ్చావు అన్నాను. ఆవిడ బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"నాకు కోళ్ళ మీద సరదా పోయి ఎన్నేళ్ళయిందో. నా మాట ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందని పొంగిపోయానంతే," అంది. "మీరు ఎండలో నడుం వంచి కాంక్రీటు కలుపుతుంటే వద్దని ఏ నోటితో చెప్పను? రోజూ రెట్టలెత్తుతున్నది మీ ముఖం చూసి."

నేను తెల్లవారకుండా లేచి గింజలు వేస్తున్నది నీ ముఖం చూసి అన్నాను. మీ అమ్మ కళ్ళు తుడుచుకుని, మరి ఈ కోళ్ళెవరికోసం అని అడిగింది.

మీ అమ్మకి నవ్వాగలేదు. నేనూ నవ్వాను. అత్తయ్య కూడా నవ్వుతుందనుకున్నాను. ఆవిడ లేచి చీరకి అంటిన దుమ్ము దులుపుకుని, అయితే గూడు నాకోసం కట్టింది కాదన్నమాట అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో మాటల్లేవు. వడ్డిస్తుంది, పిలిస్తే పలుకుతుంది, అంతే. యంత్రం తెచ్చానని తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

టెలిస్కోపు మళ్ళీ దుప్పట్లోకి వెళ్ళి మంచం కిందకి చేరింది. నాకిప్పుడు చందమామ మీద ధ్యాస లేదు.

నీ మామయ్య


జూన్ 2

మామయ్యా,

అమ్మ ఇంటికి వచ్చి అంతా నటించి చూపించింది. ఎర్రకోడి వేషం కూడా తనే వేసింది. నవ్వినంతసేపు నవ్వాం కాని నీ ఉత్తరం చివర చదివాక నాకు నవ్వు రాలేదు.

నాకు తోచింది చెబుతాను. ఆవిడకి కోళ్ళు అక్కర్లేదు, గూడూ అక్కర్లేదు. నువ్వు ఆవిడ కోసం ఎండలో నిలబడ్డావన్న ఒక్క మాట చాలింది. అదీ పోయింది. ఇప్పుడు నువ్వు ఎంత బాగా చెప్పినా అది సర్దిచెప్పడమే అవుతుంది. నీకు మాటలు ఎటూ కలిసిరావు. ఆ గూడుని నిజంగానే ఆవిడది చేసేయి. ఎలా అని నన్నడగకు, నీ పెరడు నీకు తెలుసు.

టెలిస్కోపుకి ఈసారి ఇల్లు వద్దు. పెరటి రెండో మూల మళ్ళీ గొయ్యి తవ్వి గొట్టం నిలబెట్టు. వానకి ఒక తొడుగు చాలు. మా వాన నాటకం పోయినవారం మొదలైంది. చివరికి నీళ్ళు లేకుండా బఠాణీలు రేకు మీద దొర్లించి చప్పుడు మాత్రం వినిపిస్తున్నాం. మొదటి వరసలో ఒకాయన గొడుగు విప్పాడు. దర్శకుడు నాతో మళ్ళీ మాట్లాడుతున్నాడు.

మేనకోడలు


జూన్ 24

అమ్మడూ,

నీ ఉత్తరం అందిన రోజే రంపం తీశాను. గూట్లో స్తంభాన్ని గచ్చు మట్టానికి కోసేశాను. సగం కోసేసరికి లోపలి ఇసుకంతా జలజలా కారింది. కోళ్ళు ఆరూ వచ్చి అందులో పొర్లాడుతుంటే పని సాగనివ్వలేదు. కోసిన చోట పలక బిగించి, నాలుగు అడ్డకర్రలు వేసి, అవి ఎక్కి కూర్చోవడానికి మెట్లు పెట్టాను. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. అంత కష్టపడి నిలబెట్టింది ఎందుకు కోశారు అని అడిగింది. కోళ్ళ గూట్లో స్తంభం ఎందుకు అన్నాను. కాసేపటికి కాఫీ తెచ్చి పక్కన పెట్టింది.

మర్నాడు రెండో మూల గొయ్యి తవ్వుతున్నాను. అత్తయ్య మెడలో టేపు వేసుకుని వచ్చి, ఏదీ, దాన్ని బయటికి తీయండి అంది. మంచం కింద నుంచి గొట్టం తెచ్చి పట్టుకున్నాను. ఛాతీ ఇంత, నడుం ఇంత, పొడుగు ఇంత అని కొలతలు తీసుకుంది. పెరిగే పిల్లలకైతే రెండంగుళాలు వదులు పెడతారట, ఇది పెరుగుతుందా అని అడిగింది. పెరగదన్నాను. రెయిన్‌కోటు బట్టతో తొడుగు కుట్టింది. దానికి కాలరు ఉంది, గుండీలు ఉన్నాయి, పైజేబు కూడా ఉంది. జేబెందుకు అంటే, అలవాటు మీద పడిపోయింది అంది. నిన్నటిదాకా కురిసిన వానకి అందులో చుక్క నీరు దిగలేదు. గేటు అవతలినుంచి చూస్తే మా పెరట్లో బడికి పోనని మొరాయించే పిల్లాడెవరో నిలబడ్డట్టుంటుంది.

నిన్న సాయంత్రం వాన తెరిపిచ్చింది. వెలుగుండగానే అర్ధచంద్రుడు కనిపించాడు. కోటు విప్పి, కొత్త స్తంభం మీది బోల్టులు తిప్పి గొట్టం సరిచేశాను. ముందు అత్తయ్యని చూడమన్నాను. చాలాసేపు కన్ను తీయలేదు. చందమామకి వణుకు లేదు, అమ్మడూ, మీ లైట్ల ఆయనకి ఈసారి నిజంగా ధన్యవాదాలు చెప్పు. ఆవిడ తలెత్తి, ఇంత గుంటలు పడిపోయి ఉన్నాడేమిటండీ, పాపం అంది. అంతలోనే గోడ అవతల పక్కింటావిణ్ణి కేకేసింది. ఆవిడ వాళ్ళాయన్ని తెచ్చింది, ఆయన వాళ్ళ అత్తగారిని తెచ్చాడు. మీ అత్తయ్య అందరినీ వరసలో నిలబెట్టి, ముట్టుకోకండి, కన్ను మాత్రమే ఆనించండి అని పురమాయిస్తూ ఉంది. దాన్ని తయారుచేసింది తనే అన్నట్టుంది. నేను ఎర్రదాన్ని ఒళ్ళో పెట్టుకుని బకెట్టు మీద కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు.

అందరూ వెళ్ళాక, రండి, ఇప్పుడు మీ వంతు అంది. లేచి వెళ్ళి కన్ను ఆనించాను. అప్పటికే మబ్బు కమ్మేసింది.

"ఏం కనిపిస్తోంది?" అంది.

"మబ్బు."

"ఎలా ఉంది?"

"చాలా దగ్గరగా ఉంది," అన్నాను.

జరగండి నేనూ చూస్తాను అని ఆవిడ వంగింది. తర్వాత మళ్ళీ నేను. చినుకు పడేదాకా ఇద్దరం వంతులవారీగా ఆ మబ్బునే చూశాం.

నీ మామయ్య